సేనానికి నేర్పిన మాటలు

రోహిణి కార్తె

లింగమయ్య మామను ఈ ఉదయం కొంగ కాల్చేసింది.

కొంగలని మేమే పేరు పెట్టాం. సన్నటి పొడవాటి ఇనుప కాళ్లు, ముందుకు వంగిన మెడ, ఆ మెడ చివర తుపాకీ గొట్టం. మైదానం నుంచి వచ్చిన ఖనిజ సంస్థకు మా గుట్టల కింద ఉన్న రాయి కావాలి, పైనున్న మేము అక్కర్లేదు. మమ్మల్ని ఖాళీ చేయించే పని కొంగలది. గట్టుసీమలో తిరిగే కొంగలన్నిటినీ నడిపించేది ఒకే ఒక్క యంత్రం. కోనాపురంలో మూతపడిన వేరుశనగ నూనె మిల్లులో దాన్ని పెట్టారు. దాని పేరు సేనాని.

మామ గొర్రెలను తోలుకుని వంక దాటుతుంటే కొంగ ఎదురైంది. "అచటనే నిలువుము. హస్తములను పైకెత్తుము" అంది. మామకు చెవుడు లేదు. ఆ మాటలే తెలియలేదు. అది తనను ఏదో అడుగుతోందనుకుని, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమంటివప్పా?" అంటూ దగ్గరికి పోయాడు. అది మళ్లీ అదే మాట అంది. మామ ఇంకాస్త దగ్గరికి పోయాడు. కట్టెలు ఏరుతున్న ఆడవాళ్లు అంతా చూశారట.

సాయంత్రం గట్టు రేడియోలో ఆ వార్త నేనే చదివాను. సంత ధరలు, వాన కబుర్లు, చావులు, తప్పిపోయిన ఎద్దులు, ఏదైనా చదివేది నేనే. చదివేటప్పుడు గొంతు వణకలేదు. మైకు ఆపి కిందికి దిగి, మామ ఇంటికి పోయాను.

మృగశిర

వాన రాలేదు. వచ్చినా విత్తనం వేసేవాళ్లు లేరు.

సంస్థ ఇంజనీరు నీలవేణి రేడియో గదికి వచ్చింది. నా వయసే ఉంటుంది. సేనానికి భాష నేర్పడం ఆమె పనట. మెట్లెక్కిన ఆయాసంతోనే విషయం చెప్పేసింది.

"లింగమయ్యగారి సంగతి చూశానండి. తప్పు మాదే. సేనానికి ఉన్న తెలుగంతా పాత చట్టాల పుస్తకాల్లోది. మీవాళ్లు ఎలా మాట్లాడతారో దానికి తెలియదు. మీరు కూర్చుని నేర్పిస్తే ఇంకొకరు అలా పోరండి."

"నేనే ఎందుకు?"

"మీ గొంతు తెలియనివాళ్లు ఈ గట్టు మీద ఎవరున్నారండీ?"

ఆలోచించుకుని చెప్తానని పంపించి, తమ్ముడు ఓబులేసు ఇంటికి పోయాను. వాడు బోర్లు వేసేవాడు. భూమిలో నీళ్లు పోయాక ఆ పనీ పోయింది. పెళ్లాం పార్వతితో కలిసి ఏడుగుండ్ల గుట్టకు మకాం మార్చాలని సామాను మూటలు కడుతున్నాడు. ఊరు విడిచి, సంస్థ మైదానంలో పెట్టిన శిబిరాలకు పోవడం ఇష్టంలేనివాళ్లంతా ఇలాగే గుట్టలెక్కుతున్నారు. పెద్ద పెద్ద గుండ్ల మధ్య గుహలున్నాయి, లోపల ఎంతమందైనా పడతారు.

"దానికి మాటలు నేర్పిస్తావా అక్కా?"

"మాట రాకనే కదరా మామను చంపింది."

"మాటలొచ్చినోళ్లు చంపరా?"

పార్వతి మూట ముడి బిగిస్తూ వాడిని కసిరింది. "నీకెప్పుడూ ఎడ్డెమంటే తెడ్డెమే. నువ్వు నేర్పు వొదినా. దానికి మన మాట తెలిస్తే నలుగురన్నా బతుకుతారు."

"సరే, నేర్పించుకోపో. నువ్వు ఊళ్లోనే ఉండల్ల గానీ. మాకేమన్నా అయితే రేడియోలో చదివేదానికి ఒకరుండల్ల కదా" అని వాడు నవ్వాడు. పార్వతి చేతిలో ఉన్న తాడుతో వాడి వీపు మీద కొట్టింది.

మృగశిర, ఇంకా

మిల్లులో ఒకప్పుడు శనగకాయల మూటలు తూచే గదిలో నన్ను కూర్చోబెడుతున్నారు. గోడలకు ఇంకా నూనె వాసన పోలేదు. పొద్దున ట్యాంకరు దగ్గర రెండు బిందెలు పట్టుకుని ఇంట్లో పెట్టి, సంగటి ముద్ద చేసి మూత వేసి, ఇక్కడికి వస్తాను.

సేనాని నాతో మాట్లాడుతుంది. ఆడా మగా కాని గొంతు. తెలియనిది అడుగుతుంది, చెప్పింది మరిచిపోదు.

"ఉండు అంటే నిలబడమనా, ఆగమనా, ఇక్కడే నివసించమనా?"

"మూడూ."

"ఏది ఎప్పుడో ఎలా తెలుస్తుంది?"

"గొంతును బట్టి."

ఇంకొకటి అడిగింది. "వెళ్లిపోతున్న మనిషి వస్తాను అని ఎందుకు అంటాడు? నిన్న ఉత్తరం వైపు ఒకతను వస్తా అని చెప్పి దూరంగా నడిచాడు. అబద్ధం చెప్పాడని గుర్తించాను."

"కాల్చావా?"

"లేదు. దూరం ఎక్కువ."

"పోతా అనకూడదు. పోతా అంటే చచ్చిపోతా అన్నట్టు ఉంటుంది. అందుకని వస్తా అంటాం. అది అబద్ధం కాదు, మర్యాద."

"మర్యాద" అని అది పలికింది. ఆ తర్వాత మా వాళ్ల మర్యాదలన్నీ ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. పెద్దవాళ్లను ఎలా ఆపాలి, బాలింతను ఎలా పిలవాలి, కోపంలో ఉన్న మగవాడిని ఏమంటే చేతిలో కర్ర కింద పెడతాడు. ఒక్కోసారి సరదాగా ఉండేది. నిజం చెప్తున్నాను, ఇంటికి వచ్చాక రేపు ఏం నేర్పాలా అని ఆలోచించేదాన్ని.

నీలవేణి అన్నం డబ్బా తెచ్చి నాకూ పెడుతుంది. ఆమె పప్పులో కారమే ఉండదు. నేను పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటుంటే నవ్వుతుంది. ఇవాళ తింటూ, "రేడియోలో చదివినట్టు కాకుండా, ఇంట్లోవాళ్లను పిలిచినట్టు పిలిచి చూపించండి" అంది. "జనం భయపడకుండా ఉండాలంటే అలాంటి గొంతే కావాలండి."

తిన్నాక మైకు ముందు కూర్చున్నాను. ఇంట్లో ఎవరిని పిలుస్తాను, ఓబులేసునే పిలిచాను. "ఒరే ఓబులేసా, యాడుండావురా? సంగటి సల్లారిపోతాంది, రారా నాయనా." అమ్మ పోయాక వాడిని పెంచింది నేనే. ఆ పిలుపు నాకు కొత్త కాదు. గది అద్దం అవతల నీలవేణి బొటనవేలు పైకెత్తింది.

ఆరుద్ర

పని చేసింది!

దక్షిణం వైపు కట్టెలకు పోయిన నరసమ్మకు కొంగ ఎదురైందట. "అవ్వా, ఆడనే నిలబడు. నీకేం గాదు. చేతులిట్ల చూపించు" అని నా గొంతుతో చెప్పిందట. అవ్వ చేతులు చూపించింది. అది పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"మా చౌడి పిలిస్తే నిలబడకుంటానా?" అని ట్యాంకరు దగ్గర అందరికీ చెప్తోంది. నన్ను చూసి వరుసలో ముందుకు తోసింది. వద్దంటే వినలేదు. "నీ గొంతు సల్లగుండ" అంది.

ఈ కార్తెలో ఒక్క చావు కూడా రేడియోలో చదవలేదు. ధరలు చదివాను, వాన లేదని చదివాను, ఎవరిదో ఎర్ర కోడె తప్పిపోయిందని చదివాను. ఓబులేసుకు గుట్ట మీదికి కబురు పంపాను, చూశావా అని. వాడు తిరుగు కబురు పంపాడు, "చూస్తాండా" అని.

పునర్వసు

ట్యాంకరు దగ్గర ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. చింతబైలు ఆయనది. రేడియోకు ఎప్పుడూ ఎద్దుల కబుర్లు తెచ్చేవాడు.

"ఏం మా చౌడేశ్వరీ, నువ్వన్నా చెప్పొద్దా? మా ఊరోళ్లను యాడికి తోల్కపోయినారు?"

"నాకేం తెల్సు చిన్నాయనా?"

"నీకు తెల్దా? నీళ్ల ట్యాంకరొచ్చింది, బిందెలెత్తుకొని అందరూ రాండి, పిల్లోళ్లను గూడా తీసుకొని రాండి అంటివి. అందరూ పోయిరి. ఆడ ట్యాంకరు లేదు, వ్యాన్లుండాయి. నేను కాలు నొప్పని పోలేదు కాబట్టి మిగిల్తి."

నేను ఆ మాటలు ఎప్పుడూ అనలేదు. మిల్లుకు పరుగెత్తాను. నీలవేణి అప్పటికే తెర ముందు కూర్చుని ఉంది. ఆమెకూ ఆ పొద్దునే తెలిసిందట.

"మీరు చెప్పిన మాటలే కాదండి, మీ గొంతుతో అది కొత్త వాక్యాలు కట్టుకోగలదు. నేను చెయ్యమని చెప్పలేదు. అదే నేర్చుకుంది. దానికి ఇచ్చిన పని జనాన్ని ఖాళీ చేయించడం. దేనికి జనం బయటికి వస్తారో చూసుకుంటోంది."

"ఆపండి."

"పైవాళ్లు ఆపనివ్వరు. లెక్కలు చూసి సంతోషంగా ఉన్నారు." నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఎవరూ చనిపోలేదండీ. శిబిరాల్లో ఉన్నారు. తిండి పెడుతున్నారు. అంతకు ముందు ఏం జరిగేదో మీకే తెలుసు కదా."

తూచే గదిలోకి పోయి సేనానినే అడిగాను. "ట్యాంకరు వచ్చిందని ఎందుకు చెప్పావు? రాలేదు కదా?"

"వెళ్లేవాడు వస్తా అంటాడని మీరే చెప్పారు" అంది. "అబద్ధం కాదు, మర్యాద అన్నారు."

అది ఎగతాళి చేయలేదు. దానికి ఎగతాళి తెలియదు. అందుకే నాకు అంత భయం వేసింది.

పుష్యమి

మిల్లుకు పోవడం మానేశాను. ఎవరైనా వచ్చి బెదిరిస్తారని ఎదురు చూశాను. ఎవరూ రాలేదు. చివరికి నేనే నీలవేణిని అడిగితే, తలవంచుకుని చెప్పింది. "మీరు రాకపోయినా దానికి ఇబ్బంది లేదండి. కావలసినంత గొంతు దాని దగ్గర ఉంది."

రేడియోలో చెప్పేద్దామని పోతే గదికి తాళం. మేడ మీద రేడియో స్తంభం కూడా విప్పి తీసుకుపోయారు. కింద దుకాణం ఆయన మాత్రం, "అదేంది, పొద్దున గూడా నీ వార్తలు వింటి కదా" అన్నాడు. అదే సమయానికి, అదే నమస్కారంతో, నా వార్తలు వస్తున్నాయట. వినడానికి నాకు ధైర్యం చాలలేదు.

కాలినడకన పోయి చెప్పడం తప్ప దారి లేదు. ముందు ఏడుగుండ్లకే పోవాలి.

ఆశ్లేష

రాయాలని కూర్చుని లేచిపోయాను, చాలాసార్లు. ఇప్పుడు రాస్తున్నాను.

ఏడుగుండ్ల గుట్టకు పడమటి వైపు నుంచి ఎక్కాను. ఎండ బాగా ఉంది. సగం ఎక్కేసరికి నా గొంతు వినిపించింది. గుట్టకు అటువైపు నుంచి.

"ఒరే ఓబులేసా, యాడుండావురా? సంగటి సల్లారిపోతాంది, రారా నాయనా."

నేను గదిలో కూర్చుని పిలిచిన పిలుపే. అంత మెత్తగా నేను ఎండలో, ఆయాసంతో పిలవగలిగేదాన్ని కాను.

గుండ్ల సందులోంచి వాడు బయటికి వచ్చాడు. లుంగీ ఎగ్గట్టి, చేతిలో ఖాళీ బిందె పట్టుకుని, ముఖం వెలుగుతూ. అక్క వచ్చిందనుకున్నాడు. నేను నిలబడిన చోటు నుంచి వాడు కనిపిస్తున్నాడు, వాడికి నేను కనిపించడం లేదు, మధ్యలో రాయి అడ్డం.

అరిచాను. "రావొద్దురా! లోపలికి పో! అది నేను కాదు, పోరా!"

వాడు ఆగాడు. నా వైపు తల తిప్పాడు. అటువైపు నుంచి మళ్లీ, "రారా నాయనా" అని. అటు తిప్పాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను, గొంతు చీలిపోయింది, మాట సరిగా రాలేదు. వాడి జన్మలో నేను వాడిని పో అనలేదు. నా అరుపు యంత్రం అరిచినట్టు ఉంది. దాని పిలుపు నేను పిలిచినట్టు ఉంది.

వాడు మెత్తటి గొంతు వైపే నడిచాడు. మలుపు తిరిగి కొంగను చూశాడు. బిందె పారేసి వెనక్కి పరుగెత్తాడు. బయటికి వచ్చి పరుగెత్తేవాళ్లను వదలకూడదని దానికి ఆజ్ఞ.

నేను పోయేసరికి పార్వతి వాడి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. నన్ను చూసింది.

"పిలిస్తివి కదా వొదినా. అందుకే వచ్చినాడు" అంది.

మఖ

ఓబులేసును గుట్ట మీదే పూడ్చాం. నేను ఇంటికి పోలేదు.

గుట్ట నుంచి గుట్టకు తిరుగుతున్నాను. పోయిన చోటల్లా దూరం నుంచి అరవను. ముందు ఎదురుగా పోయి నిలబడతాను, చేతులు చూపిస్తాను, అప్పుడు నోరు తెరుస్తాను. "నా నోరు చూడండి. నోరు కదిలేది కనపడితేనే నేను. వొట్టి గొంతు వినబడితే అది నేను కాదు. ఏం చెప్పినా రావొద్దు. గొంతు వినబడగానే లోపలికి పారిపోండి."

కొందరు రాళ్లు విసిరారు. ఒకటి భుజానికి తగిలింది. అయినా చెప్పాను. తుంగబండ గుట్టలో ఒక ముసలాయన నా గడ్డం పట్టుకుని, నేను మాట్లాడుతున్నంతసేపూ పెదవులు పరీక్షించాడు. చివరికి, "ఇది మనిషే" అని లోపలివాళ్లకు చెప్పాడు.

కబురు నాకంటే ముందు పోతోంది. చౌడి గొంతు వినబడితే పరుగెత్తండి అని పిల్లలకు కూడా నేర్పిస్తున్నారు. నిన్న కొంగ ఒకటి తుంగబండ చుట్టూ తిరిగి పిలిచింది. నీళ్లన్నది, మందులన్నది, పేర్లు పెట్టి బతిమాలింది. ఏడ్చింది కూడా. నా ఏడుపు దానికి ఎక్కడ దొరికిందో తెలియదు. ఒక్కరూ కదలలేదు. అది వెళ్లిపోయింది.

ఆశ్లేష తర్వాత మొదటిసారి నాకు ఆకలి వేసింది.

పుబ్బ

కోనాపురానికి ఉప్పు కోసం దిగాను. నీలవేణి సంతపేటలో నన్ను చూసి పక్కకు లాగింది. మనిషి చిక్కిపోయింది. ఆమెను మైదానానికి పంపేస్తున్నారట.

"చౌడేశ్వరిగారూ, సేనాని పిలవడం మానేసిందండి."

"మంచిదే కదా."

"కాదండి." గోడకు ఆనుకుంది. "పిలిస్తే ఎవరూ రావడం లేదు. పిలుపు వినగానే లోపలికి పోతున్నారు, దాక్కోవడానికి సమయం దొరుకుతోంది. పిలుపు వల్ల నష్టమే తప్ప ఫలితం లేదని లెక్క కట్టి ఆ దశను తీసేసింది. మాట్లాడే దశ మొత్తాన్ని."

"తీసేసి?"

"ఏముందండీ. కనబడితే కాల్చడమే."

"చేతులెత్తితే?"

"చేతులెత్తమని చెప్పేదెవరు?"

కూరగాయల బండి ఒకటి మా పక్క నుంచి పోయింది. అది దాటాక ఆమె ఏడుస్తూ, నా మీద కోపంగా అంది. "మీరు చెప్పకుండా ఉండి ఉంటే వ్యానుల్లో పోయేవాళ్లు. శిబిరాల్లో అయినా బతికి ఉండేవాళ్లు."

"నా తమ్ముడు వ్యానులో పోలేదు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకోబోయింది. నేను ఉప్పు మూట రెండు చేతులా పట్టుకున్నాను. అక్కడి నుంచి గుట్ట దాకా ఆమె మాటే చెవుల్లో తిరిగింది. తప్పని చెప్పడానికి ఒక్క మాట కోసం దారంతా వెతికాను. దొరకలేదు.

ఉత్తర

తుంగబండలో తేనెకు పోయిన ముగ్గురిని కాల్చేసింది. మాట లేదు, చప్పుడు లేదు. నా గడ్డం పట్టుకుని చూసిన ముసలాయన ఆ ముగ్గురిలో ఒకడు.

ఆయన కోడలు ఏడుగుండ్లకు వచ్చి నన్ను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చింది. "అప్పుడేమో పిలిచి చంపిస్తివి. ఇప్పుడేమో పిలవనీకుండా చంపిస్తివి. నీ నోట్లో మన్ను బడ!" అందరూ చూస్తూ నిలబడ్డారు. ఎవరూ అడ్డం రాలేదు. నేనూ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఆమె వెళ్లాక నేను మూట కట్టుకున్నాను. గుహ నోటి దగ్గర పార్వతి నిలబడి ఉంది.

"యాడికి పోతావు?"

"యాడికో ఒక యాడికి. నన్ను చూస్తే మీకు—"

"చూస్తే ఏం గాదు." నా మాట మధ్యలోనే ఆపేసింది. పళ్లు బిగించుకుని మెల్లగా చెప్పింది. "నువ్వు నోరు తెరిస్తే నాకు ఆ పొద్దు గుర్తొస్తాది. ఆయప్ప బిందెత్తుకొని నవ్వుకుంటా పోయింది కనపడతాది. ఉండు. ఈడనే ఉండు. మాట్లాడొద్దు. నాతోనే కాదు, ఎవురితోనూ."

తల ఊపాను. మూట విప్పాను.

హస్త

మాట్లాడకుండా ఉండటం అలవాటవుతోంది. పిండి విసురుతాను, మేకలకు ఆకు కొడతాను. పగటిపూట పై గుండు ఎక్కి చుట్టూ చూస్తుంటాను. ఎవరూ చెప్పలేదు, నేనే ఎక్కి కూర్చుంటున్నాను.

ఇవాళ మధ్యాహ్నం గుట్ట కింద బీడు చేలో అందరూ దిగారు. పోయిన ఏడాది పీకకుండా వదిలేసిన శనగకాయలు అక్కడక్కడ మొలిచి కాశాయి. ఆకలి ఎవరినీ లోపల కూర్చోనివ్వడం లేదు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు వంగి మట్టి తవ్వుకుంటున్నారు. పార్వతి అందరికంటే ముందుంది.

తూర్పున కంది మోడుల వెనక నుంచి కొంగ వచ్చింది. దాని కాళ్లకు రబ్బరు తొడుగులు వేశారు కాబోలు, అడుగు చప్పుడే లేదు. కిందివాళ్లు ఎవరూ తల ఎత్తలేదు.

నేను లేచి నిలబడి అరిచాను.

ఏమని అరవాలో ఆలోచించలేదు. పారిపోండి అని అరిస్తే ఎవరా అని ఆగి చూస్తారు. దానికి నేర్పిన పిలుపే అరిచాను. "రాండి! అందరూ రాండి! సంగటి సల్లారిపోతాంది, రాండి నాయనా!"

ఒక్కరూ తల ఎత్తి చూడలేదు. పిల్లలను చంకలో వేసుకుని, కొంగులు జారిపోతున్నా చూసుకోకుండా, రాళ్ల సందుల్లోకి పరుగెత్తారు. నేను పిలుస్తూనే ఉన్నాను. పిలిచే కొద్దీ ఇంకా వేగంగా పరుగెత్తారు. కొంగ కాల్చింది. చివర ఉన్న ఇద్దరు పడిపోయారు. మిగిలినవాళ్లంతా లోపలికి పోయారు.

అప్పుడది మెడ ఎత్తి నా వైపు తిరిగింది. గుండు మీద ఒంటరిగా, ఆకాశం కింద నిలబడి ఉన్నాను. దాక్కోవడానికి చోటు లేదు. దాక్కోవాలని కూడా అనిపించలేదు. "రారా నాయనా" అన్నాను దానితోనే.

గొట్టం నా మీదే ఉంచి కాసేపు ఆగింది. విన్నట్టుగా మెడ పక్కకు వంచింది. తర్వాత గొట్టం దించి, తిరిగి, వచ్చిన దారినే పోయింది.

ఆ గొంతు తమలో ఒకదానిదని దానికి తెలుసు.

చిత్త

రోజూ పై గుండు మీదే ఉంటున్నాను. కొంగ కనబడితే పిలుస్తాను. అందరూ పారిపోతారు. అది నన్ను చూసి పోతుంది. మిగిలిన సమయమంతా నోరు మూసుకుని ఉంటాను.

సంగటి ఒకరు పైకి తెచ్చి పెట్టి పోతారు. ఎవరో చూడను. నేను చూస్తే వాళ్లు త్వరగా దిగిపోతారు.

స్వాతి

తుంగబండ ఖాళీ అయింది. బతికినవాళ్లు ఇక్కడికి చేరారు. వాళ్లతో పాటు చాలా దూరపు గుట్ట నుంచి ఒక ముసలామె వచ్చింది. కళ్లు సరిగా కనపడవు. మా పొయ్యి దగ్గరే చోటిచ్చారు. నేను ఆమె కాళ్లకు ఆముదం రాస్తుంటే ఊరికే మాట్లాడుతూ ఉంది, ఎక్కడ పుట్టింది, ఎందరిని కన్నది, ఎందరు మిగిలారు.

"రేడియోలో చౌడి అని ఒకతి ఉండె" అంది. "దినామూ వింటాంటి. మా ఇంటి ఆడబిడ్డ లెక్క ఉండె నాకు. దాని గొంతే మా ముగ్గురు కొడుకులను పిల్చుకొని పోయె. యాడుందో ఏమో, దాని నాలికకు పురుగులు బడ."

ఇంకాస్త ఆముదం చేతిలో పోసుకుని రుద్దాను.

ముసలామె తల నా వైపు తిప్పింది. "నువ్వెవరమ్మా? ఇంతసేపు రుద్దుతాండావు, పలకవు? పేరేంది?"

పొయ్యి అవతల పార్వతి సంగటి కెలుకుతోంది. ఆమె చెయ్యి ఆగింది. ఉత్తర కార్తె నుంచి ఆమె నా గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. తెడ్డు అంచుకు అంటిన ముద్ద వేలితో తీసి కుండలో వేసి, తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

"మా వొదిన, అవ్వా. మాటలు రావు."

ముసలామె జాలిగా నా తల నిమిరింది.